చైన్ బిగించిన తర్వాత వెనుక బ్రేకు పట్టేస్తోంది: ఇంట్లోనే సరిచేసుకోవచ్చా?

పరకాల ప్రయాణికుడు

అందరికీ నమస్కారం. నేను పరకాలలో ఉంటూ ఉద్యోగరీత్యా రోజూ భూపాలపల్లికి బండి మీదే వెళ్లి వస్తుంటాను. నాది 150 సీసీ బండి. ముందు డిస్క్ బ్రేకు, వెనుక డ్రమ్ బ్రేకు ఉన్నాయి. చైన్‌కు పూర్తి కవరు లేదు, పైన సగం రేకు మాత్రమే ఉంది. దారిలో బొగ్గు టిప్పర్లు తిరుగుతుండడం వల్ల ఇంటికి చేరేసరికి చైన్ మీద నల్లటి పొడి పేరుకుపోతుంది. వానాకాలంలో దానికి రేగడి బురద కూడా తోడవుతుంది.

కిందటి వారం చైన్ రేకుకు కొట్టుకుంటున్న చప్పుడు వస్తుంటే ఒక మెకానిక్ దగ్గర బిగింపించాను. చప్పుడు పోయింది కాని, అప్పటి నుంచి బండిని తోస్తే బరువుగా కదులుతోంది, కొంత దూరం నడిపాక వెనుక హబ్ (చక్రం మధ్య భాగం) చేయి పెట్టలేనంత వేడెక్కుతోంది. సెంటర్ స్టాండ్ వేసి చక్రాన్ని చేత్తో తిప్పితే చైన్ ఒక చోట బిగుతుగా, మరో చోట వదులుగా కనిపిస్తోంది. మళ్లీ వెళ్లి అడిగితే, కొత్తగా బిగించాం కాబట్టి నాలుగు రోజులు తిరిగితే అదే సర్దుకుంటుందని చెప్పి పంపించారు.

ఇక ఈ పని నేనే నేర్చుకుని ఇంట్లో చేసుకుందామనుకుంటున్నాను. పానాల సెట్టు, స్క్రూడ్రైవర్లు ఉన్నాయి. చైన్ ఎంత వదులుగా ఉండాలి, దాన్ని పెట్రోలుతో కడగవచ్చా, చాలామంది చేసినట్టు వాడేసిన ఇంజన్ ఆయిల్ పోయవచ్చా, చైన్ ఒక్కటే మారిస్తే సరిపోతుందా లేక స్ప్రాకెట్లతో (చైన్ తిరిగే పళ్ల చక్రాలతో) సహా మొత్తం సెట్టు మార్చాలా, బ్రేకుల విషయంలో మనం ఎంతవరకు చెయ్యి పెట్టవచ్చు అన్నవి నా సందేహాలు. అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

కాజీపేట ఫిట్టర్

ముందుగా హబ్ వేడెక్కడం గురించి చెబుతాను, ఎందుకంటే అది దానంతట అదే సర్దుకునే విషయం కాదు. చైన్ బిగించడమంటే వెనుక చక్రాన్ని యాక్సిల్‌తో (చక్రం మధ్యలోని కడ్డీతో) సహా వెనక్కి జరపడమే. పెడల్ నుంచి వెనుక చక్రానికి వచ్చే బ్రేకు రాడ్ పొడవు మాత్రం మారదు. కాబట్టి చక్రం వెనక్కి జరిగిన మేరకు ఆ రాడ్ బ్రేకు ఆర్మ్‌ను ముందుకు లాగి ఉంచుతుంది, పెడల్‌కు ఉండాల్సిన ఖాళీ పోతుంది, కాలు పెట్టకపోయినా బ్రేకు షూలు డ్రమ్ముకు రాసుకుంటూనే ఉంటాయి. చైన్ బిగించిన ప్రతిసారీ వెనుక బ్రేకును కూడా సరిచూడాలని బండితో ఇచ్చే పుస్తకంలో రాసి ఉండేది అందుకే. మీ బండి విషయంలో ఆ రెండో సగం పని జరిగినట్టు లేదు.

రాడ్ చివర ఉన్న అడ్జస్టర్ నట్టును వదులు చేయండి. పెడల్ అంచు 20 నుంచి 30 మి.మీ. కిందికి దిగిన తర్వాతే బ్రేకు పట్టడం మొదలవ్వాలి, పెడల్ వదిలేస్తే చక్రం స్వేచ్ఛగా తిరగాలి. ఆ నట్టుకు ఒక పక్క గాడి ఉంటుంది. అది ఆర్మ్‌లోని పిన్ను మీద సరిగ్గా కూర్చునేలా ఆపండి. గాడి అడ్డంగా ఉండగా కొలిచిన ఖాళీ, బండి నడిచి నట్టు దాని చోట కూర్చున్నాక మారిపోతుంది. ఆ తర్వాత పెడల్ నొక్కినప్పుడు వెనుక లైటు ఎప్పుడు వెలుగుతోందో చూసి, అవసరమైతే దాని స్విచ్చును కూడా సర్దండి.

ఇక చైన్ సంగతి. ఒక చోట బిగుతు, మరో చోట వదులు అన్నారు కదా, అలాంటప్పుడు వదులుగా ఉన్న చోట చూసి బిగిస్తే బిగుతుగా ఉన్న చోట చైన్ తీగలా లాక్కుపోతుంది. మీకు జరిగింది అదే అయి ఉండవచ్చు. చక్రాన్ని నెమ్మదిగా తిప్పుతూ అన్నిటికంటే బిగుతైన చోటు ఎక్కడో పట్టుకోండి. ఆ చోటు కింది వరుస మధ్యకు వచ్చినప్పుడు స్కేలు నిలబెట్టి, వేలితో చైన్‌ను పైకి నెట్టి కిందికి లాగి, మొత్తం కదలిక ఎంతో కొలవండి. ఇలాంటి బళ్లలో చాలావాటికి అది 20 నుంచి 30 మి.మీ. మధ్య ఉంటుంది, కొన్నింటికి అంతకన్నా ఎక్కువ చెబుతారు. మీ బండికి ఎంతో, ఏ స్టాండు మీద పెట్టి కొలవాలో స్వింగ్ ఆర్మ్ (వెనుక చక్రాన్ని పట్టి ఉంచే చట్రం) మీది స్టిక్కరులో గాని, పుస్తకంలో గాని ఉంటుంది. దాన్నే ప్రమాణంగా తీసుకోండి, నా అంకెను కాదు.

వదులుగా ఉంటే చప్పుడు వస్తుంది కాబట్టి అందరికీ తెలుస్తుంది. బిగుతుగా ఉంటే చప్పుడు రాదు, అందుకే అది ఎక్కువ నష్టం చేస్తుంది. స్వింగ్ ఆర్మ్ తిరిగే ఇరుసు, ముందు స్ప్రాకెట్ మధ్యభాగం ఒకే చోట ఉండవు. ఇరుసు కొంచెం వెనుక ఉంటుంది. అందువల్ల బరువు పడి వెనుక భాగం కిందికి కూర్చున్నప్పుడు, ముందు స్ప్రాకెట్, ఇరుసు, వెనుక యాక్సిల్ ఈ మూడూ ఒకే గీత మీదికి వచ్చేదాకా రెండు స్ప్రాకెట్ల మధ్య దూరం పెరుగుతూ పోతుంది. వెనుక 45 కిలోల యూరియా బస్తా కట్టుకుని గుంతలో పడిన బండిని ఊహించుకోండి. చైన్‌లో ఖాళీ లేకపోతే ఆ లాగుడంతా గేర్‌బాక్సు అవుట్‌పుట్ షాఫ్టు బేరింగు మీద, ఆయిల్ సీల్ మీద పడుతుంది. చైన్ సెట్టు ఎప్పుడో ఒకప్పుడు మార్చుకోవలసిందే, కాని బేరింగు పోతే ఇంజన్ విప్పాల్సి వస్తుంది.

బిగించే పని కష్టమేమీ కాదు. యాక్సిల్ నట్టును వదులు చేయండి, పూర్తిగా తీయవద్దు. చాలా బళ్లలో స్ప్రాకెట్ వైపు స్లీవ్ నట్టు అని ఇంకొకటి ఉంటుంది. అది వదలకుండా అడ్జస్టర్లు తిప్పితే చక్రం కదలదు, పైగా అడ్జస్టర్ మరలు పాడవుతాయి. డ్రమ్ బ్రేకు ప్లేటును పట్టి ఉంచే టార్క్ ఆర్మ్ నట్టును కూడా కొద్దిగా వదులు చేయాలి. తర్వాత రెండు వైపులా అడ్జస్టర్లను సమానంగా, ఒక్కోసారి పావు చుట్టు చొప్పున తిప్పుతూ, స్వింగ్ ఆర్మ్ మీద ఉండే గీతలు ఇరువైపులా ఒకే చోట ఉండేలా చూసుకోండి. చక్రం వంకరగా కూర్చుంటే వెనుక స్ప్రాకెట్ పళ్ల పక్కభాగం ఒకవైపే మెరుస్తూ అరుగుతుంది.

నట్టు బిగించేటప్పుడు చక్రం కొద్దిగా ముందుకో వెనక్కో జరిగి, కష్టపడి పెట్టిన ఖాళీ మారిపోవడం మామూలే. దానికి ఒక ఉపాయం ఉంది. గుడ్డను మడిచి వెనుక స్ప్రాకెట్‌కూ కింది వరుస చైన్‌కూ మధ్య పెట్టి, చక్రాన్ని ముందుకు తిప్పితే గుడ్డ పళ్ల మధ్య ఇరుక్కుని యాక్సిల్‌ను ముందుకు, అడ్జస్టర్ల మీదికి గట్టిగా లాగి పట్టుకుంటుంది. ఇంజన్ ఆఫ్‌లో ఉండగా, వేళ్లు దూరంగా ఉంచి చేయాలి. అలాగే ఉంచి యాక్సిల్ నట్టు బిగించి, గుడ్డ తీసి, ఖాళీని మళ్లీ ఒకసారి కొలవండి. టార్క్ ఆర్మ్ నట్టు బిగించి, దానికి ఉండే స్ప్లిట్ పిన్ను తిరిగి పెట్టడం మరవద్దు. ఆ ఆర్మ్ ఊడితే బ్రేకు నొక్కగానే ప్లేటంతా చక్రంతో పాటు తిరుగుతుంది.

హన్మకొండ వర్క్‌షాప్

ఫిట్టర్ అన్న చెప్పినదానితో ఏకీభవిస్తూ, సెట్టు మార్చడం గురించి, బ్రేకుల గురించి చెబుతాను.

చైన్ సాగిందని మనం అంటాం గాని, ఇనుప పలకలు నిజానికి సాగవు. లింకుల లోపలి పిన్నులు, వాటి చుట్టూ ఉండే బుష్‌లు అరుగుతాయి. ఒక్కో లింకులో మిల్లీమీటరులో పదో వంతు అరిగినా వంద లింకుల మీద అది ఒక సెంటీమీటరు అవుతుంది. మీ తరహా బళ్లకు సాధారణంగా 428 రకం చైన్ వస్తుంది, పక్క పలక మీద ఆ అంకె చెక్కి ఉంటుంది. అందులో ఒక పిన్ను మధ్య నుంచి తరువాతి పిన్ను మధ్యకు దూరం 12.7 మి.మీ. చైన్‌ను లాగి పట్టి 20 లింకులు కొలిస్తే కొత్త దానిలో 254 మి.మీ. రావాలి. అది 259 దాకా వచ్చిందంటే రెండు శాతం పెరిగినట్టు, ఆ చైన్ పని అయిపోయినట్టే. రెండు మూడు చోట్ల కొలవండి. బిగుతు చోట ఒక లెక్క, వదులు చోట ఒక లెక్క వస్తే చైన్ సమంగా అరగలేదని అర్థం. తుప్పు పట్టి మడత తిరగని లింకులున్నా ఇలాగే కనిపిస్తుంది కాబట్టి, ముందు కడిగి, ఆయిల్ వేసి, ఆ తర్వాతే తీర్పు చెప్పండి.

పళ్లు రంపపు పళ్లలా ఒక వైపుకు వంగి మొనదేలితే స్ప్రాకెట్ మార్చాలి. వెనుక స్ప్రాకెట్ చివర చైన్‌ను వేళ్లతో పట్టి వెనక్కి లాగినప్పుడు పంటిలో సగం బయటికి కనిపిస్తే అప్పుడూ అంతే. ముందు స్ప్రాకెట్ తొందరగా అరుగుతుంది. ముందు 14 పళ్లు, వెనుక 42 పళ్లు ఉన్నాయనుకుంటే, ముందున్న ప్రతి పన్ను వెనుక పంటి కంటే మూడు రెట్లు ఎక్కువసార్లు చైన్‌ను మోస్తుంది. అరిగిన పళ్ల మీద కొత్త చైన్ వేస్తే కొత్త చైన్ కూడా త్వరలోనే వాటిలా తయారవుతుంది. అందుకే మూడింటినీ కలిపే మార్చాలి. అడ్జస్టర్ చివరికి వచ్చిందని ఒక లింకు కోసి మళ్లీ కలపడం మన దగ్గర బాగా అలవాటు. దాని వల్ల చైన్ పొట్టిదవుతుంది గాని, పెరిగిన లింకు దూరం తగ్గదు. నా దృష్టిలో అది గిరాకీని కొన్నాళ్లు తృప్తిపరిచే పని మాత్రమే. సెట్టు మార్చే రోజునే హబ్‌లోని రబ్బర్లు కూడా చూడండి. అవి నలిగిపోయి ఉంటే గేరు వేసిన ప్రతిసారీ కుదుపు వస్తుంది, కొత్త చైన్ మీద ఆ దెబ్బ పడుతూనే ఉంటుంది.

చైన్‌ను కలిపే లింకుకు క్లిప్ ఉంటే, దాని మూసి ఉన్న కొస చైన్ నడిచే దిశ వైపు ఉండాలి. తెరిచిన కొస ముందుకు ఉంటే ఏ రాయో తగిలినప్పుడు క్లిప్ ఊడిపోతుంది.

ఇప్పుడు బ్రేకులు. వెనుక డ్రమ్ములో షూలు ఎంత మిగిలాయో చక్రం విప్పకుండానే తెలుసుకోవచ్చు. బ్రేకు ఆర్మ్ మొదట్లో చిన్న బాణం గుర్తు, ప్లేటు మీద మరో గుర్తు ఉంటాయి. పెడల్ పూర్తిగా నొక్కించి చూడండి. బాణం ఆ గుర్తు దగ్గరికి వచ్చేస్తే షూలు మార్చే సమయం వచ్చినట్టు. కొందరు ఆ దశలో ఆర్మ్‌ను పళ్ల షాఫ్టు నుంచి తీసి, ఒక పన్ను జరిపి మళ్లీ బిగించి ఇస్తారు. పెడల్ బాగా పట్టినట్టే ఉంటుంది, కాని బాణం ఇక నిజం చెప్పదు. షూలు మరీ పలచబడితే లోపలి క్యామ్ (షూలను విడదీసే ముక్క) తన హద్దు దాటి తిరిగి, బ్రేకు వేసిన చోటే చక్రం బిగుసుకుపోయే ప్రమాదం ఉంది. మీ ఆర్మ్‌ను ఒకసారి పరీక్షగా చూడండి.

డ్రమ్ము విప్పినప్పుడు లోపలి పొడిని నోటితో ఊదవద్దు, గాలి పైపుతోనూ కొట్టవద్దు. పాతకాలపు షూలలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. తడిగుడ్డతో తుడవండి. క్యామ్ షాఫ్టుకు గ్రీజు పలచగా చాలు, అది షూల మీదికి రాకూడదు.

ముందు డిస్కులో ప్యాడ్ల మీద ఒక గాడి ఉంటుంది. అది కనబడనంతగా అరిగితే ప్యాడ్లు మార్చాలి. బొగ్గు పొడి వల్ల వచ్చే కీచు శబ్దం చాలావరకు ప్యాడ్లు తీసి శుభ్రం చేసి, క్యాలిపర్ (ప్యాడ్లను పట్టి ఉంచే భాగం) జారే పిన్నులకు బ్రేకులకు వాడే ప్రత్యేక గ్రీజు పెడితే తగ్గుతుంది. డిస్కుకు మాత్రం ఎలాంటి ఆయిలూ తగలనివ్వవద్దు. ప్యాడ్లలోకి ఆయిల్ ఇంకితే కడిగి వాడుకునే ఆలోచన మానుకుని కొత్తవి వేయండి.

ప్యాడ్లు అరిగేకొద్దీ హ్యాండిల్ దగ్గరి డబ్బాలో బ్రేకు ఫ్లూయిడ్ మట్టం తగ్గడం సహజం. అది చూసి పైదాకా నింపేస్తే, కొత్త ప్యాడ్లు వేయడానికి పిస్టన్‌ను వెనక్కి నొక్కినప్పుడు ఫ్లూయిడ్ పొంగి ట్యాంకు రంగును తినేస్తుంది. ఒలికితే వెంటనే నీళ్లు పోసి కడగాలి. ప్యాడ్లు మార్చిన తర్వాత బండి కదిలించే ముందు లివరు గట్టిపడేదాకా పదేపదే నొక్కడం తప్పనిసరి. లేకపోతే మొదటి మలుపులో బ్రేకు ఉండదు.

ఫ్లూయిడ్ మార్చడం, బ్రేకు పైపులో చేరిన గాలి తీయడం మాత్రం మొదటిసారి తెలిసినవారి పక్కన నిలబడి నేర్చుకోండి. డబ్బా మూత మీద డాట్ 3 అనో డాట్ 4 అనో రాసి ఉంటుంది, అదే వాడాలి. ఈ ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం, తేమ చేరాక ఆ హద్దు 155కు దిగుతుంది. మరిగితే పైపులో ఆవిరి బుడగలు చేరి లివరు మెత్తగా లోపలికి పోతుంది. అందుకే సాధారణంగా రెండేళ్లకు ఒకసారి మార్చమంటారు, మూత తీసి ఎప్పటి నుంచో అటక మీద ఉన్న సీసా వాడవద్దంటారు. 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో అమ్మే 125 సీసీకి మించిన బళ్లన్నిటికీ ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) తప్పనిసరి అయింది. మీది ఆ తర్వాతి బండి అయితే ఏబీఎస్ యూనిట్‌లోకి గాలి చేరినప్పుడు ఇంట్లో తీయడం కుదరకపోవచ్చు, సర్వీసు సెంటరుకే వదిలేయండి.

గోదావరిఖని 428

బొగ్గు పొడి దారుల్లో బండి నడిపేవాడిగా ఆయిల్ గురించి నాలుగు మాటలు.

వాడేసిన ఇంజన్ ఆయిల్ పోయకండి. అందులో ఇంజన్ అరిగిన సన్నటి లోహపు పొడి, మసి ఉంటాయి, పైగా పలచగా ఉండి చైన్ వేగానికి చక్రం మీదికి, టైరు మీదికి చిమ్ముతుంది. గ్రీజు పూయడం ఇంకా చెడ్డది. అది లింకుల లోపలికి పోదు, బయట నిలిచి దుమ్మును పట్టుకుంటుంది. చైన్‌కు దుమ్ము చేసే హాని తక్కువే, ఆయిల్‌తో కలిసిన దుమ్ము చేసేదే ఎక్కువ. పిన్నులకూ బుష్‌లకూ మధ్య చేరి రెండింటినీ అరగదీసేది అదే.

నేను ఎస్.ఏ.ఈ. 90 గేర్ ఆయిల్ వాడతాను. లీటరు డబ్బా చాలాకాలం వస్తుంది. కిరోసిన్‌తో, అది దొరకకపోతే డీజిల్‌తో, మెత్తటి బ్రష్ పెట్టి కడిగి, గుడ్డతో తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి. పెట్రోలు వద్దు. మీ చైన్ పలకల మధ్య చిన్న నల్లటి రబ్బరు రింగులు కనిపిస్తే అది ఓ-రింగ్ చైన్. దాని గ్రీజును కంపెనీలోనే లోపల నింపి ఆ రింగులతో మూస్తారు. పెట్రోలు, ఇనుప బ్రష్, వాటర్ సర్వీసింగులో కొట్టే ప్రెషర్ నీళ్లు ఆ రబ్బరును పాడుచేస్తాయి, అంతటితో లోపలి గ్రీజు పోతుంది. పెట్రోలు మంటల భయం సరేసరి.

ఆయిల్‌ను కింది వరుస లోపలి అంచు మీద, రోలర్ల మీద, పలకల సందుల్లో పడేలా చుక్కలుగా వేయండి. చైన్ తిరిగేటప్పుడు అది బయటికే తోసుకుని వస్తుంది కాబట్టి లోపలి నుంచి వేస్తేనే సందుల్లో పారుతుంది. సాయంత్రం ఇంటికి రాగానే, చైన్ వేడిగా ఉన్నప్పుడు వేసి, రాత్రంతా వదిలేసి, పొద్దున్నే పైన మిగిలినదంతా పొడిగుడ్డతో తుడిచేయండి. తుడిచాక చైన్ పొడిగా ఉన్నట్టు కనిపించడమే మంచిది. మామూలు రోడ్లకు 500 కి.మీ.కు ఒకసారి చాలంటారు గాని, మీ దారికి, ముఖ్యంగా వానలో తడిసిన రోజున, అంతకాలం ఆగవద్దు.

స్ప్రే డబ్బాలు కూడా మంచివే, కాని కొట్టేటప్పుడు చక్రం వెనుక ఒక అట్టముక్క అడ్డం పెట్టండి.

ఒక్క విషయం గట్టిగా చెబుతాను. సెంటర్ స్టాండ్ వేసి, ఇంజన్ స్టార్ట్ చేసి, గేరులో పెట్టి, తిరుగుతున్న చైన్‌కు గుడ్డతో ఆయిల్ రాయడం చాలా చోట్ల చూస్తుంటాం. గుడ్డ పంటికి చిక్కితే వేలు దానితో పాటే స్ప్రాకెట్‌లోకి పోతుంది, చెయ్యి లాక్కునేంత వ్యవధి ఉండదు. ఇంజన్ ఆపి, తాళం చెవి తీసి జేబులో వేసుకుని, న్యూట్రల్‌లో చక్రాన్ని చేత్తోనే తిప్పండి.

పరకాల ప్రయాణికుడు

ముగ్గురికీ ధన్యవాదాలు. ఈ ఉదయం అడ్జస్టర్ నట్టు వదులు చేసి పెడల్‌కు 25 మి.మీ. ఖాళీ పెట్టాను. చక్రం స్వేచ్ఛగా తిరుగుతోంది, హబ్ వేడి కూడా మామూలుగానే ఉంది. బాణం గుర్తు ఇంకా దూరంగానే ఉంది, ఆర్మ్ జరిపినట్టు కనిపించలేదు. చైన్ కడిగి, మడత తిరగని లింకులను సడలించి, ఆయిల్ వేశాక కొలిస్తే 20 లింకులకు ఒక చోట 256, మరో చోట 258 మి.మీ. వచ్చింది. ముందు స్ప్రాకెట్ కవరు విప్పి చూస్తే పళ్లు ఒక వైపుకు వంగడం మొదలైంది. సెట్టు ఇప్పుడే మార్చాలా, కొన్నాళ్లు నడపవచ్చా? ఇంకో సందేహం, యాక్సిల్ నట్టు ఎంత బిగించాలో కొలిచే టార్క్ పానా నా దగ్గర లేదు.

కాజీపేట ఫిట్టర్

258 అంటే హద్దుకు దగ్గరలోనే ఉంది, ముందు పళ్లు కూడా వంగుతున్నాయంటున్నారు. నేనైతే వానాకాలం దాటించను. అప్పటిదాకా బిగుతైన చోట సరైన ఖాళీ ఉంచి నడపండి. వదులైన చోట కొంచెం చప్పుడు వస్తే రానివ్వండి, దాన్ని పోగొట్టాలని ఇంకా బిగించవద్దు. చప్పుడుతో పాటు చైన్ పళ్ల మీద నుంచి ఎగిరి జారుతున్నట్టు అనిపిస్తే మాత్రం ఇక ఆగకుండా మార్చేయండి. కొనేటప్పుడు చైన్, రెండు స్ప్రాకెట్లు కలిసి ఉన్న సీలు వేసిన పెట్టెనే అడగండి, పళ్ల సంఖ్య మీ పాతవాటితో సరిపోల్చుకోండి. ముందు స్ప్రాకెట్ మీ బండిలో లాక్ ప్లేటుతోనో నట్టుతోనో పట్టి ఉంటుంది. దాన్ని వదులు చేసేటప్పుడు పాత చైన్ ఇంకా దాని మీదే ఉండగా వెనుక బ్రేకు నొక్కించి పట్టుకోండి. చైన్ ముందే తీసేస్తే షాఫ్టు తిరిగిపోతూ పని ముందుకు సాగదు.

టార్క్ పానా గురించి చెప్పాలంటే, పుస్తకంలో ఇచ్చిన అంకెను చెయ్యి అంచనాతో అందుకోవడం కష్టం. పైపు తొడిగి కాలితో తొక్కి బిగించేవారు మరలు పాడుచేస్తారు, భయపడి వదులుగా వదిలేసేవారి చక్రం జరుగుతుంది. ఇప్పటికి పొడవు పిడి ఉన్న రింగు పానాతో గట్టిగా బిగించి, నట్టు మీద నుంచి యాక్సిల్ కొస దాకా పెయింటుతో ఒక గీత గీయండి, ఆ తర్వాత తెలిసిన వర్క్‌షాపులో టార్క్ పానా పెట్టించి చూపించుకోండి. బిగింపు సరైనదని తేలాక గీతను కొత్తగా గీసి, రోజూ బండి తీసే ముందు ఒకసారి చూస్తే నట్టు కదిలిందా లేదా అన్నది మీకే తెలుస్తుంది.